చూపు ఎంత మెల్లగా నడిస్తే గీత అంత మెల్లగా

బొమ్మలు నేర్పే పుస్తకాలు చాలావరకు కోడిగుడ్డు ఆకారంతో మొదలవుతాయి. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. కళ్లు ఇక్కడ, ముక్కు ఇక్కడ. కొన్నాళ్లకు ముఖం గీయడం వస్తుంది. చిక్కేమిటంటే, ఎదురుగా ఎవరు కూర్చున్నా కాగితం మీదికి అదే ముఖం వస్తుంది.

కిమాన్ నికొలాయిడిస్ ఈ దారి తొక్కలేదు. న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో ఏళ్ల తరబడి డ్రాయింగ్ చెప్పిన మాస్టారు ఆయన. 1938లో పోయారు. ఆయన పాఠాలు ‘ది నేచురల్ వే టు డ్రా’ పేరుతో 1941లో పుస్తకంగా వచ్చాయి. అందులోని అభ్యాసాల అల్లికను చూస్తే ఆ గురువు పనితనానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మొదటి అభ్యాసమే చూడండి. గీయదలచిన వస్తువుకు దగ్గరగా కూర్చోవాలి. దాని అంచు మీద ఒకచోట చూపు నిలపాలి. పెన్సిల్ మొనను కాగితానికి ఆనించి, ఆ మొన తాకుతున్నది కాగితాన్ని కాదు, ఆ వస్తువునే అనిపించేదాకా ఆగాలి. ఆ నమ్మకం కుదిరాకే చూపు కదలాలి, చూపుతోపాటే పెన్సిల్ కదలాలి. కాగితం వైపు చూడకూడదు.

మన ఎడమచేతినే గీస్తున్నామనుకుందాం. మణికట్టు దగ్గర బయలుదేరి బొటనవేలి మీదికి వస్తే, కణుపు దగ్గర అంచు ఒక్కసారిగా చర్మపు ముడతలోకి మళ్లుతుంది. పెన్సిల్ కూడా దాని వెంటే లోపలికి పోవాలి. ముడత అంతమైనచోట ఆగాలి. అప్పుడు మాత్రమే ఒకసారి కాగితం వైపు చూసి, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోవచ్చు. పూర్తయ్యాక వేళ్ల పొడవులు కుదరవు, అరచేయి ఓ పక్కకు జారిపోతుంది. కానీ ఆ ఒక్క కణుపు మాత్రం నిజంగా ఎముక మీద చర్మం కప్పినట్టే ఉంటుంది. కొలత తప్పినా తాకిన అనుభవం తప్పదు. నికొలాయిడిస్‌కు కావలసింది అదే.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన ఫ్రాన్సులో సైన్యం కామోఫ్లాజ్ (శత్రువు కంటికి కనబడకుండా మరుగుపరిచే) విభాగంలో పనిచేశారు. నేల ఎత్తుపల్లాలను గీతలతో చూపే పటాలను అక్కడ పరిశీలించారు. చదునైన కాగితం మీద గీత ఒక్కటే కొండనూ లోయనూ చెప్పగలదని ఆ పటాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత నెమ్మదిగా గీయించిన మాస్టారు, దాని పక్కనే దానికి పూర్తిగా విరుద్ధమైన మరో అభ్యాసం పెట్టారు. మోడల్ నిమిషమో, అంతకన్నా తక్కువసేపో ఒక భంగిమలో నిలబడుతుంది. ఆలోపు పెన్సిల్ ఎత్తకుండా, గజిబిజిగానైనా సరే, ఆ మనిషి ఎలా ఉందో కాదు, ఏం చేస్తోందో గీయాలి. వంగుతోందా, లాగుతోందా, బరువు ఏ కాలి మీద మోపింది? ఇక్కడ ముక్కూ మూతీ వెతికితే సమయం చాలదు. మొదటి అభ్యాసం ఓపిక నేర్పితే, ఇది తెగువ నేర్పుతుంది. రెంటినీ మొదటి పాఠం నుంచే జంటగా నడిపించడం ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన ఎత్తుగడ. నెమ్మదిగా గీయడమే నేర్చినవాడి బొమ్మ బిగుసుకుపోతుంది. వేగమే నేర్చినవాడి బొమ్మలో పట్టు ఉండదు.

వీటికి తోడు రోజూ పావుగంట జ్ఞాపకం నుంచి ఒక దృశ్యం వేయమంటారు. ఒక్కో పాఠానికి పదిహేను గంటల పని. అంత తీరిక అందరికీ దొరకదు, నిజమే. కానీ మొదలుపెట్టడానికి అంత తీరిక అక్కరలేదు, పుస్తకం చేతికి వచ్చేదాకా కూడా ఆగనక్కరలేదు. ఒక పెన్సిల్ చెక్కుకుని ఈ రాత్రి మీ ఎడమచేతిని ఎదుట పెట్టుకోండి. రబ్బరు మాత్రం దగ్గర ఉంచుకోకండి.