కాటిసీనులో వీరబాహుడు ఎవరు?

బలిజేపల్లి లక్ష్మీకాంతం 'హరిశ్చంద్ర' ఆడితే జనం కాచుకుని కూచునేది కాటిసీను కోసం. రాజు కాటికాపరి అయ్యాడు. కొడుకు శవాన్ని మోసుకుని భార్య వస్తుంది. సుంకం కట్టమంటాడు. ఆమె మెడలో తాళి భర్త కంటికి తప్ప ఎవరికీ కనపడదు, దాంతో గుర్తుపడతాడు. జనం కళ్లు తుడుచుకుంటారు. ఆ కన్నీళ్లు ఎవరికోసం అన్నదే మా ప్రశ్న.

రాజు చండాలుడికి అమ్ముడుపోవడమే ఇక్కడ విషాదం. రాజు కొన్నాళ్లు చేస్తే త్యాగమైన పని, తరతరాలుగా చేస్తున్నవాళ్లకి కులధర్మం ఎట్లయింది? చిన్నప్పుడు ఈ కథ నాటకంగా చూసి ఏడ్చానని గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయనకి హరిశ్చంద్రుడి సత్యం కనపడింది. వీరబాహుడు కనపడలేదు. ఎర్రమంజిల్ నుంచి నాలుగడుగులు వేస్తే పంజగుట్ట శ్మశానవాటిక. అట్లాంటి చోట బతుకంతా కట్టెలు పేర్చే మనిషి మీద పద్యం పాడేదెవరు?

దర్శకత్వం ఇక్కడే రాజకీయం అవుతుంది. మేం చూసిన ప్రదర్శనల్లో చాలావాటిలో వీరబాహుడంటే ఒంటికి మసి, చేతిలో కల్లుకుండ, తూలే నడక. జనం నవ్వాలి, అంతే. కథ ప్రకారం చూస్తే డబ్బిచ్చి కొన్నవాడు ఆయన, అమ్ముడైన సరుకు రాజు. కొన్నవాడిని తాగుబోతుని చేస్తేగానీ ఆ తలకిందులైన లెక్కని సవర్ణ ప్రేక్షకుడు మింగలేడు. కాబట్టి మసి తుడవండి, కుండ దించండి, ఆయన్ని నిటారుగా నిలబెట్టండి. సగం సీను అక్కడే మారిపోతుంది.

రెండోది జాషువా సంగతి. కాటిసీనులో వన్స్‌మోర్‌లు కొట్టించుకునే పద్యాలు చాలావరకు ఆయన 'శ్మశానవాటి'లోవి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని ఒంటి మీద మోసి, 1941లో 'గబ్బిలం' రాసిన కవి ఆయన. పద్యం వేదికెక్కింది, కవి పేరు మాత్రం చాలాచోట్ల ఎక్కలేదు. శ్మశానంలో అస్పృశ్యతకు చోటు లేదన్నాడు జాషువా. మరి మన ఊళ్లలో మాలలకీ మాదిగలకీ వేరే శ్మశానాలు ఎందుకున్నాయి? ఆ మాట రాజు నోట వేదాంతం అవుతుంది. వీరబాహుడి నోట పెడితే నిలదీత అవుతుంది. ఒక్కసారైనా ఆ పద్యాలు ఆయనకిచ్చి చూడమంటున్నాం.

ముగింపు మరీ మోసం. మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు మారువేషంలో ఉన్న ధర్ముడని తేలుతుంది. అంటే రాజు దళితుడికి ఎన్నడూ ఊడిగం చెయ్యలేదన్నమాట! మైల కడుక్కున్నారు, కథ కంచికి పోయింది. దర్శకుడు దేవుళ్లని దించకుండా తెర వెయ్యొచ్చు. రాజు వెళ్లిపోయాక కూడా కాటి దగ్గర మిగిలేది ఎవరో జనం చూడాలి.

ఈ నాటకాన్నే వదిలెయ్యాలనే మిత్రులున్నారు. వాళ్ల కోపం న్యాయమైందే. అయితే మాల మాదిగ పేటల్లోనూ ఈ నాటకాన్ని తెల్లవార్లూ చూశారు, ఆడారు, పద్యాలు నోటికి పట్టారు. అందులో బతికున్న గొంతు మనది. దాన్ని వదిలేస్తే వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. కాలేజీల్లో ఈ సీను ఆడించే టీచర్లు, విద్యార్థులు ముందు ఒక్క పని చెయ్యండి: హార్మోనియం మొదలయ్యే ముందు జాషువా పేరు మైకులో గట్టిగా చెప్పండి.