జనరేటర్ సరే, దాన్ని పెట్టే చోటేది?

బంగాళాఖాతంలో అల్పపీడనం అనే వార్త వినబడగానే జనరేటర్ల మాట మొదలవుతుంది. ఈ వారమూ మొదలైంది. దాంతోపాటే నాకు ఏటా కోపం తెప్పించే భరోసా కూడా వచ్చేసింది: "వానొస్తే లోపల పెట్టుకోండి, కిటికీలు తీసి ఉంచితే ఏమీ కాదు." ఎందుకు కాదు? పెట్రోలు ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇలాంటి ఒక్క జనరేటర్ వదిలే ఆ విషవాయువు వందలాది కార్లు వదిలేదానికి సమానమని అమెరికాలోని వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ హెచ్చరిస్తోంది. కిటికీ తీస్తే గాలి బయటికే పోవాలని ఎక్కడా లేదు, పొగను లోపలికీ నెట్టగలదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం తుపాను రాత్రి అలసటలాగే అనిపిస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. 2020 ఆగస్టులో లారా తుపాను తర్వాత లూసియానాలో పలువురి ప్రాణం తీసింది ఈ పొగే.

ఇంత చెప్పాక, హెచ్చరికలు ఇంకా పెద్ద అక్షరాల్లో, తెలుగులో అచ్చువేయమంటానని మీరు అనుకోవచ్చు. వేయాల్సిందే, కానీ దానితో పని జరగదు. జనరేటర్‌ను ఇంట్లోకి లాక్కొచ్చేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. తడిస్తే షాక్ కొడుతుందని, బయట పెడితే ఎవరో ఎత్తుకుపోతారని భయపడతారు. రెండు భయాలూ న్యాయమైనవే. తడవకూడదు, లోపల పెట్టకూడదు అని రెండూ చెప్పి, మరెక్కడ పెట్టాలో చెప్పకపోతే ఆ చీకట్లో మనిషి ఏం చేస్తాడు? వస్తువు కొనేముందు దాన్ని పెట్టే చోటు చూసుకోవాలన్న నా పాత పట్టు ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. ఇక్కడ దాని అవసరం మరీ ఎక్కువ. తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, నాలుగు వైపులా గాలి ఆడేలా నిలబెట్టిన గట్టి రేకు కప్పు, గొలుసు వేయడానికి ఒక కడ్డీ, లోడుకు తగ్గ మందం ఉన్న వైరు. ఇవన్నీ జనరేటర్ ధరలో భాగమే అనుకోవాలి. పొగ గొట్టం పక్కింటి కిటికీ వైపూ తిరగకూడదు. అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ తప్ప మరో చోటు లేనివాళ్లు దీన్ని కొనకపోవడమే మేలు. వాళ్లకు ఇన్వర్టర్ చాలు.

ఇంటివాళ్లు తమ ప్రాణం గురించైనా ఆలోచిస్తారు, స్తంభం మీదున్న లైన్‌మన్ మాత్రం ఎవరికీ గుర్తురాడు. రెండు వైపులా ప్లగ్గులు బిగించిన వైరుతో జనరేటర్‌ను గోడ సాకెట్‌కు కలిపితే కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎదురు తిరిగి వేల వోల్టులుగా మారవచ్చు. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకు కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకున్నాకే స్తంభం ఎక్కుతాడు. కానీ మన ఇంట్లో నడిచే ఇంజన్ సంగతి సబ్‌స్టేషన్‌కు ఎలా తెలుస్తుంది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకాక వైర్లు మళ్లీ లాగి కరెంటు తెచ్చింది ఇలాంటివాళ్లే. "మెయిన్ ఆఫ్ చేశాకే పెడతాంగా" అంటారు. చీకట్లో, హడావుడిలో ఒక్కసారి మరిచిపోతే? చేంజోవర్ స్విచ్ ఉంటే ఆ మరుపుకు తావే లేదు. అది ఒక సమయంలో ఒకే దారి ఇస్తుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే బిగించుకోవాలి.

ఇక పెట్రోలు పోయడం. ఇంజన్ ఆపి, సైలెన్సర్ చల్లారేదాకా కనీసం పావుగంట ఆగాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా నిప్పు తగిలితే అంటుకుంటుంది. కాబట్టి వెలుగు కోసం కొవ్వొత్తి వద్దు, టార్చే వాడాలి. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది, ఎలా ఆపుతామన్నది నిజమైన బాధే. అయితే తలుపు తీయని ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగా ఉంటుంది, పావుగంటకు ఏమీ కాదు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద మనిషి ఉన్న ఇంట్లో మాత్రం సిలిండరో, బ్యాటరీయో ముందే సిద్ధంగా ఉండాలి. మనం ఆపకపోయినా ఇంజన్ తనంతట తానే ఆగిపోవచ్చు.