వెనక కడ్డీ పనితనం

మలుపులో లోపలివైపు వెనక చక్రం జానెడు లేచి, ముందు చక్రాలు రెండూ తారును కరుచుకుని పోయే చిన్న కారును చూస్తే నాకు కన్ను తిప్పబుద్ధి కాదు. 1976లో వచ్చిన గోల్ఫ్ జీటీఐని రేసుల్లో మూడు చక్రాల మీద పరిగెత్తించిన ఫొటోలు ఎన్నో ఉన్నాయి. తెలియనివాళ్లు అది తిరగబడుతోందనుకుంటారు. నిజానికి ఆ బండి అంతకంటే కుదురుగా ఎప్పుడూ ఉండదు. ఆ కుదురులో పెద్ద వాటా వెనక ఇరుసు దగ్గర అడ్డంగా బిగించిన ఒక వంపు కడ్డీది. కుర్రాళ్లు స్వే బార్ అంటారు, హైదరాబాదులోని మా గోల్నాక షెడ్లలో స్టెబిలైజర్ రాడ్ అంటారు.

రెండు చక్రాలూ కలిసి లేస్తే కడ్డీ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి మరొకటి దిగితే తడిబట్ట పిండినట్టు మెలిపడి ఎదురుతిరుగుతుంది. మలుపులో బయటి చక్రాల మీదికి వెళ్లే బరువును కడ్డీ తగ్గిస్తుందని చాలామంది నమ్ముతారు. తగ్గించదు. ఆ బరువెంతో తేల్చేవి ప్రధానంగా బండి బరువు ఎంత ఎత్తున ఉంది, చక్రాల మధ్య ఎడమెంత, మలుపు ఎంత జోరుగా తిరుగుతున్నాం అన్నవే. కడ్డీ చేసేది పంపకం: ఆ మార్పిడిలో ముందు ఇరుసుకెంత, వెనక ఇరుసుకెంత అని. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు. మన స్విఫ్ట్, పోలోలలో లాగేదీ తిరిగేదీ ముందు చక్రాలే కాబట్టి, బయటి ముందు టైరు అలిసిపోయి బండి మలుపు వదిలి నేరుగా జారుతుంది. వెనక కడ్డీని కాస్త గట్టిచేస్తే ఆ మార్పిడిలో ఎక్కువ వాటా వెనక ఇరుసు మోస్తుంది. లోపలి ముందు టైరుకు నేల దొరుకుతుంది. మలుపు దాటుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ తేడా స్టీరింగ్ పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

ఎంపికలో మొదట చూడాల్సింది మందం. బిగువు మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 18 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 20ది వేస్తే చూపుకు రెండు మిల్లీమీటర్లే, బిగువు మాత్రం ఒకటిన్నర రెట్లు. అందుకే వారాంతం ట్రాక్ మీద తిరిగి, సోమవారం ఆఫీసుకు వెళ్లే బండికి ఒక్క మెట్టు చాలు. బయట 22, లోపల 16 మిల్లీమీటర్లున్న గొట్టపు కడ్డీ 20 మిల్లీమీటర్ల నిండు కడ్డీ కంటే కొంచెం ఎక్కువే బిగువిస్తుంది, బరువు మాత్రం దాదాపు అరవై శాతమే. ఎంత అందమైన లెక్క! ఇక కడ్డీ కొసన వంగిన చేతి పొడవు. ఆ చేతికి రెండు మూడు రంధ్రాలుంటే, కడ్డీని చక్రం వైపు కలిపే లింకును లోపలి రంధ్రానికి మార్చి, 200 మిల్లీమీటర్ల చేతిని 180 చేస్తే బిగువు దాదాపు నాలుగోవంతు పెరుగుతుంది. పాత హోండా సివిక్‌లా వెనక చక్రాలు విడివిడిగా కదిలే బళ్లకు ఈ వెసులుబాటు ఉంటుంది. స్విఫ్ట్, పోలోలలో వెనక ఇరుసే మెలిపడే దూలం కాబట్టి అదనపు కడ్డీని దానికే బిగిస్తారు. అక్కడ మందం ఒక్కటే మీ చేతిలో ఉన్నది.

ఈ విద్యలో నా మొక్కులన్నీ రేసరు మార్క్ డోనహ్యూకే. బ్రౌన్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, 1968లోనూ 1969లోనూ కమారోతో ట్రాన్స్-యామ్ గెలిచి, 1972లో పెన్స్కే జట్టుకు మొట్టమొదటి ఇండియానాపొలిస్ 500 తెచ్చిపెట్టాడు. విశాలమైన నేల మీద ఒకే వలయంలో కారును గుండ్రంగా తిప్పుతూ, ఏ మార్పుకు పట్టు ఎంత పెరిగిందో కొలుచుకుంటూ పోయేవాడు. మన వైపు చూస్తే కోయంబత్తూరు కరివర్ధన్. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి కట్టి మధ్యతరగతి పిల్లలను రేసు కారులో కూర్చోబెట్టిన మహానుభావుడు. నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు ఆ బండిలోనే. 1995లో చిన్న విమానం కూలి కరివర్ధన్ పోయాడు. చెట్టిపాళయం దగ్గరి 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఎవరేమన్నా సరే, ఈ దేశంలో రేసు కారు కట్టడానికి కోయంబత్తూరే పుట్టిల్లు.

ఇప్పుడు నకిలీ సరుకు సంగతి. ఎర్ర పెయింటు, మెరిసే స్టిక్కరు, లోపల మామూలు మెత్త ఇనుము. అమ్మేవాడు బిగువు చూపించి నమ్మిస్తాడు. కొత్తగా ఉన్నప్పుడు బిగువు నిజంగానే ఒకేలా ఉంటుంది, ఎందుకంటే మెలికకు ఎదురునిలిచే గుణం మెత్త ఇనుముకూ స్ప్రింగు ఉక్కుకూ దాదాపు సమానం. తేడా మెలిపడ్డాక తిరిగి రావడంలో ఉంది. కమాను పట్టీలు చేసే జాతి ఉక్కును కాల్చి, నీరు పట్టించి, టెంపర్ చేస్తే వేలసార్లు మెలిపడినా తన రూపానికి వస్తుంది. మెత్త ఇనుము కొన్ని గట్టి మలుపులకే వంకర తిరిగి అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఎడమ మలుపుకు ఒక బండి, కుడి మలుపుకు ఇంకో బండి. అలా వంకరపోయిన కడ్డీని నేను డబ్బు పోసి కొన్నాను. బ్రాకెట్టు వెల్డింగు కూడా పగులు తేలింది. ఇది ప్రాణాలతో చెలగాటం. కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తులకు పోయేదని చెప్పుకునే గడ్డ మీద, ఉక్కుకు నీరు పట్టించడమే తెలియని సరుకు అమ్ముడుపోతుంటే కడుపు మండదా?

బిగింపులోనూ అలాంటి నిర్లక్ష్యమే. మంచి మేస్త్రీ ముందు టైర్లు, గాలి, అలైన్‌మెంటు, పాత బుష్‌లు చూస్తాడు. అవి పాడైతే కడ్డీ మాటే ఎత్తనివ్వడు. తర్వాత బండిని నేల మీద నిలబెట్టి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, అప్పుడు లింకుల పొడవు సరిచేస్తాడు, కడ్డీలో ముందే మెలిక మిగలకుండా. బుష్‌లకు సిలికాన్ గ్రీజు పట్టించి కడ్డీ చేత్తో తిరుగుతోందో లేదో చూస్తాడు. సైలెన్సర్‌కు తగులుతుందేమో వంగి చూస్తాడు. రంధ్రాలున్న కడ్డీ అయితే, వాన పడినప్పుడు లింకును బిగువు తగ్గే బయటి రంధ్రానికి మారుస్తాడు, ఎందుకంటే తడి మలుపులో హఠాత్తుగా కాలు తీస్తే గట్టి కడ్డీ వెనకభాగాన్ని బయటికి విసిరేస్తుంది. ఈ ఓపిక ఉన్న చేతులు గోల్నాక, అంబర్‌పేట షెడ్లలో తగ్గిపోతున్నాయి. స్ప్రింగులు కోసి బండిని నేలకు దించడమే ట్యూనింగ్ అనుకునే తరం వచ్చింది.

మరి ఆ చేతులు ఎక్కడ నేర్చుకోవాలి? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊరంతా చూసింది. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. అసలైన పొడవాటి ట్రాక్ కావాలంటే మనవాళ్లు మద్రాసు దాటి ఇరుంగాట్టుకోట్టై దాకా పోవాలి, 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ 1990 నుంచి ఉంది. మన దగ్గర గోల్నాకకు కూతవేటు దూరంలో ఉస్మానియా క్యాంపస్, అందులో 1929లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి. నాలుగో ఘాతం లెక్క తెలిసిన పిల్లలు తార్నాక వైపు ఉన్నారు, లింకు బిగించే చేతులు గోల్నాక వైపు ఉన్నాయి. వీళ్లను కలపడానికి ట్రాక్ కూడా అక్కర్లేదు. డోనహ్యూ తిప్పినట్టు గుండ్రంగా తిప్పడానికి రాకపోకల్లేని ఒక చదును నేల, పక్కన అంబులెన్సు, తలకు హెల్మెట్, చేతిలో స్టాప్‌వాచ్ చాలు. యూనివర్సిటీ పెద్దలూ, నగరపాలక పెద్దలూ, నెలకొక్క ఆదివారం అలాంటి నేల ఇప్పించండి.