స్విచ్చికి ముందే

మదనపల్లెలో కొత్త ఇల్లు కట్టేవాళ్లు ఏసీ పాయింట్లు అడుగుతారు, ఫాల్స్ సీలింగ్ లైట్లు అడుగుతారు. పొగ అలారానికి పాయింట్ పెట్టనా అని నేనే అడిగితే ‘మనదేమన్నా సినిమా హాలా అన్నా’ అని నవ్వుతారు. కుప్పంలో ఒక పెద్దాయన మాత్రం గ్లాస్గోలో కొడుకు ఇంట్లో చూసొచ్చి, అడిగి మరీ పెట్టించుకున్నాడు. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంటికీ, ఒకటి మోగితే అన్నీ మోగే అలారాలు ఉండాల్సిందే.

మనకెందుకు అనుకోవద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లున్న చోట నిప్పంటుకుంది. పొగ మెట్లెక్కి పైనున్న లాడ్జిలోకి పోయి 8 మందిని పొట్టన పెట్టుకుంది. పుంగనూరులో నేను పనిచేసే ఇళ్లలో స్కూటర్‌కు చార్జింగ్ పెట్టేది మెట్ల కింద, పడుకునేది పైన. అందుకే ఫేజు, న్యూట్రల్‌తో పాటు మూడో వైరు కూడా లాగాలి. కిందిది మోగితే పైదీ మోగేది ఆ వైరుతోనే.

చోటు చూడటంలోనే ఉంది పనితనమంతా. సీలింగ్ నడిమధ్య ఫ్యానుది. దాని గాలికి పొగ చెదిరిపోతుంది కాబట్టి అలారం కాస్త ఎడంగా ఉండాలి. అలాగని మూలకూ నెట్టకూడదు, పొగ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. సాంబ్రాణి వేసే పూజగది ముందు బిగిస్తే రెండో శుక్రవారానికే పీకి అటక మీద పడేస్తారు. ఎండుమిరపకాయల తిరగమోత పడే వంటింట్లో పొగను పట్టేది పనికిరాదు. వేడిని పట్టేది పెట్టాలి. అది సుమారు 58 డిగ్రీల దగ్గర మోగుతుంది.

కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి? విడిగా ఎంసీబీ ఇవ్వొచ్చు. అది పడిపోతే ఇంట్లో ఎవరు గమనిస్తారు? నేను హాలు లైటు లైనులోంచే తీస్తాను, స్విచ్చికి ముందు. లైటు ఆర్పినా అలారానికి కరెంటు ఆగదు. ఆ లైను పోతే చీకటి పడేలోగా నాకు ఫోనొస్తుంది. ఎవరూ తలెత్తి చూడని వస్తువును, అందరికీ రోజూ అవసరమైన దానికి ముడిపెట్టాలి. కరెంటు కోతకు లోపలి బ్యాటరీ ఉండనే ఉంది.

ఇదంతా స్లాబ్ పోయకముందు కడ్డీల మధ్య ఒక పైపు, ఒక బాక్సు వేస్తే తేలిగ్గా అయ్యే పని. తర్వాతైతే సీలింగ్ చెక్కాలి. రంగులేసిన ఇంట్లో ఎవరొప్పుకుంటారు? ఇప్పుడు డబ్బుల్లేకపోతే బాక్సుకు మూత బిగించి వదిలేయండి. అలారం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.