గుత్తదారు చూపు: ఫ్రెంచి బందరును చూసినవారి రాతలు

నూజివీడు మామిడి మెట్టకు సముద్రం దూరమేమీ కాదు. హనుమాన్ జంక్షన్, గుడివాడల మీదుగా పోతే 80 కిలోమీటర్ల లోపే బందరు వస్తుంది. ఆ బందరు, అంటే మచిలీపట్నం, 1750 నుంచి 1759 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోని రేవుపట్టణంగా ఉండింది. అంతటితో ఆగక 1753లో నిజాము సలాబత్ జంగ్ తన కొలువును కాపాడుతున్న ఫ్రెంచి సేనాని బుస్సీకి, సైన్యం జీతబత్యాల నిమిత్తం, కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను అప్పగించాడు. సర్కారు అంటే శిస్తు వసూలు కోసం కొన్ని పరగణాలను కలిపి ఏర్పరచిన పెద్ద విభాగం. నూజివీడు జమీను నేల కొండపల్లి, ఏలూరు సర్కార్ల పరిధిలోనిదే కాబట్టి, నేడు రసాలు, బంగినపల్లులు పండే ఈ ఎర్రనేలల శిస్తు కూడా ఆ కొద్ది ఏళ్లు ఫ్రెంచివారి లెక్కలోకే వెళ్లవలసి వచ్చింది. బొబ్బిలి యుద్ధం వల్ల బుస్సీ పేరు తెలియని తెలుగువారు తక్కువే గాని, అతని దొరతనం కింద తమ ఊరూ ఉండేదన్న సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ అంతగా తలచుకోరు.

ఈ రేవును చూసి వెళ్లినవారు రాసిన పుస్తకాలు, దినచర్యలు, జ్ఞాపకాలు చాలానే మిగిలాయి. వాటిని చదవడం ఒక పనితనం. రాసిన ప్రతి మాటనూ సాక్ష్యంగా తీసుకుంటే చరిత్ర చెడుతుంది, అన్నిటినీ పరదేశి కల్పనలని తోసిపుచ్చితే ఉన్న ఆధారమూ పోతుంది. ఏ మాటను ఎంత నమ్మాలన్నది తేల్చుకోవడానికి నూజివీడు వ్యవహారంలోనే ఒక మంచి కొలత దొరుకుతుంది. ఇక్కడ తోటను పూత మీదనో పిందె మీదనో గుత్తకు ఇవ్వడం, అంటే చెట్టుమీది కాపునంతా ఒక మొత్తానికి ముందుగానే అమ్మివేయడం ఆనవాయితీ. గుత్తదారు తోటలో ఒక చుట్టు తిరిగి, ఏ చెట్టుకు ఈ ఏడు కాపు, ఏ చెట్టుకు విడుపు, చిన్నరసాలెన్ని, కలెక్టరు రకం చెట్లెన్ని, పూతకు తేనెమంచు పురుగు తగిలిందా, బండి లోపలికి వచ్చే దోవ ఉందా అని చూసుకొని ఒక లెక్క చెబుతాడు. ఆ లెక్క చాలావరకు తప్పదు, ఎందుకంటే తప్పితే చేతి సొమ్ము పోయేది అతనిదే. అదే మనిషిని ఆ తోట ఎవరు నాటారు, గట్టు మీది అమ్మవారికి మొక్కేదెవరు అని అడిగితే అతను చెప్పేది ఎవరో అనగా విన్న మాట. యాత్రికుడూ అంతే: తన సొమ్ము ఖర్చయిన చోట అతని చూపు చురుకుగా ఉంటుంది, ఖర్చు కాని చోట వినికిడి మీద నడుస్తుంది.

ఈ కొలతకు అందరికంటె బాగా నిలిచేవాడు ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఝాఁ బాప్తిస్త్ తవెర్నియే. ఫ్రెంచివారికి ఇక్కడ ఇంకా కాలూనే చోటు లేని రోజుల్లో, 1652లో అతను గోల్కొండ సుల్తాను ఓడ మీద పారశీక తీరం నుంచి బందరుకు వచ్చి, అక్కడి నుంచి గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు రత్నాలు అమ్మజూపడానికి గండికోట వెళ్లాడు. 1676లో అచ్చయిన అతని గ్రంథంలో బందరు ఊరికి దక్కిన మర్యాద స్వల్పం: ఇళ్లు కొయ్యవి, ఒకదానికొకటి ఎడంగా విడివిడిగా ఉన్నవి, పేరంతా లంగరుతావుది. లంగరుతావు అంటే ఓడలు గట్టుకు చేరకుండా ఒడ్డుకు ఎడంగా నీళ్లలో నిలిచే చోటు. బందరు ఒడ్డు లోతు లేని ఒండ్రుమట్టి కావడంతో పెద్ద ఓడలు దూరంగా నిలిచేవి, మనుషులూ సరుకూ చిన్న పడవల్లో ఒడ్డెక్కేవారు. బంగాళాఖాతంలో ఇంతకు మించిన లంగరుతావు లేదని, పెగూ, సయాం, అరకాన్, మక్కా, హొర్ముజ్, సుమత్రా, మనీలాలకు ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరతాయని అతను రాశాడు. గోల్కొండ నుంచి బందరుకు తిన్నని దారి నూరు క్రోసులని, కొల్లూరు వజ్రపు గనుల మీదుగా వస్తే నూటపన్నెండని లెక్క ఇచ్చి, తాను మామూలుగా పట్టేది ఆ రెండో దారేనని చెప్పుకున్నాడు. పన్నెండు క్రోసులు చుట్టు తిరిగి నడిచినవాడి మాట గనుల విషయంలో చెల్లుతుంది. హిందువుల ఆచారాల గురించి అదే కలం రాసిన పుటలను అంత ధీమాగా వాడుకోవడం మాత్రం పొరపాటు. ఆ కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉన్నాయి.

వస్త్రం దగ్గరా తవెర్నియే చూపు అలాగే నిలుస్తుంది. ఈ తీరపు కలంకారీని, అంటే కలంతో గీసి చిరివేరు ఎరుపుతో రంగులద్దిన నూలుబట్టను, అతను పొగిడి ఊరుకోలేదు. ఉన్న పనివాళ్లందరినీ పురమాయించినా మూడు మూటల సరుకు రాబట్టడం కష్టమని చెప్పాడు. సౌందర్యాన్ని వర్ణించిన పది పుటల కంటె ఆ మూడు మూటల మాట చరిత్రకు ఎక్కువ పనికివస్తుంది, ఏలనంటే పని ఎంత నిదానమైనదో, చేతులెంత తక్కువో, గిరాకీ ఎంత తొందరదో ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఈ రకం బట్టలు తమ నేత పరిశ్రమను దెబ్బ తీస్తున్నాయని 1686లో ఫ్రాన్సు రాజ్యం రంగుటద్దకపు నూలుబట్టలను నిషేధించింది. ఆ నిషేధం ఎత్తివేసిన సంవత్సరం 1759, బందరు ఫ్రెంచివారి చేయి జారిన సంవత్సరమూ అదే. సరుకుకు తలుపు తెరిచిన ఏడే సరుకు దొరికే రేవు పోయిందన్నమాట.

ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగిగా 1618 నుంచి 1622 దాకా బందరులో కాపురమున్న విలియం మెత్‌వోల్డ్ తీరు వేరు. ఊరికి గోడ లేదని, కట్టుబడి బాగాలేదని, ఉన్న చోటు అంతకంటె బాగాలేదని, లోపలి బావులన్నీ ఉప్పునీళ్లని, పోటు ఎక్కువైతే బయటి నేల మునుగుతుందని ఏకరువు పెట్టాడు. వచ్చిపోయేవాడికి లంగరుతావు కనిపించింది, కాపురం చేసినవాడికి మంచినీళ్ల కరువు కనిపించింది. ఝాఁ ద తెవెనో మరీ భిన్నమైనవాడు. వర్తకుడు కాడు, భాషలు నేర్చి లోకం చూడటానికే బయలుదేరినవాడు. 1666-67 నడుమ ఈ దేశం తిరిగి, స్వదేశానికి మరలిపోతూ 1667 నవంబరులో పారశీకంలో చనిపోయాడు. బందరు వీధుల్లో సయాం, పెగూ, కొచ్చిన్‌చైనా మనుషులను చూశానని రాసింది అతనే. బేరం లేని కళ్లకు మనుషులు కనిపిస్తారు కాబట్టి పైన చెప్పిన కొలతకు ఇతనిని మినహాయింపుగా పెట్టుకోవాలి. ఫ్రెంచి కంపెనీ పక్షాన గోల్కొండ సుల్తాను నుంచి 1669 డిసెంబరులో బందరు వర్తకానికి ఫర్మానా, అంటే రాజముద్ర ఉన్న అనుమతి పత్రం, సంపాదించినవాడు ఫ్రెంచివాడు సైతం కాదు, మర్కారా అనే ఆర్మీనియను. తరువాత పుదుచ్చేరికి పునాది వేసిన ఫ్రాంస్వా మర్తాఁ అంతకుముందు పనిచేసిన చోట్లలో బందరూ ఒకటి; అతని జ్ఞాపకాల్లో యాత్రికుడి ఆశ్చర్యం కంటె అప్పులు తీర్చలేని వర్తకశాల చికాకే ఎక్కువ.

ఇంతమందిలో నూజివీడు మెట్ట ఎవరికి కనిపించిందన్న ప్రశ్న సహజం. మద్రాసు గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో బందరు వైపు పర్యటనకు వచ్చి, ఏలూరు మీదుగా గొల్లపల్లి, మల్లవల్లి ప్రాంతపు వజ్రాల తవ్వకాలను చూసి దినచర్యలో రాసుకున్నాడు. గొల్లపల్లి నూజివీడు పక్క ఊరు. మల్లవల్లి కూడా ఆ పొరుగుదే, నేడు పారిశ్రామికవాడగా వార్తల్లో ఉంటోంది. గొల్లపల్లి ఇసుకరాతికి భూగర్భశాస్త్ర గ్రంథాల్లో ఆ ఊరి పేరే ఉంది. అంటే ఈ నేల యూరపు వారి పుస్తకాల్లోకి మొదట మామిడితో కాదు, మట్టిని కడిగి ఏరుకునే రాళ్లతో ఎక్కింది. గుత్తదారు చూపుకు ఇంతకంటె మంచి నిదర్శనం అక్కరలేదు. అందులో మామిడి తప్పూ కొంత ఉంది: వరిగడ్డిలో మాగవేసిన చిన్నరసం పలుచని తోలుతో, నొక్కి పీల్చుకొనే రసంతో నాలుగు రోజులు నిలిచే పండు, ఓడ ఎక్కే సరుకు కాదు, నిలవ ఉండనిది, కొనుక్కుపోలేనిది లెక్కల పుస్తకంలోకి రాదు.

ఫ్రెంచి బందరు చివరి రోజుల వర్ణన యాత్రికులది కాదు, ముట్టడికి వచ్చినవారిది. దాన్ని వివరంగా పుస్తకానికెక్కించినవాడు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాంఫ్లాను ఓడించిన కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందగజపతిరాజు దండుతో కలిసి దక్షిణానికి నడిచి, 1759 మార్చిలో బందరు కోట ముందు దిగాడు. కోట చుట్టూ బాడవ నేల, ఊరికీ కోటకూ నడుమ ఒకే ఒక గట్టు దారి. ఏప్రిల్ 7 రాత్రి ఒక దళం నైరుతి వైపు బురదలో దిగబడుతూ వెళ్లి దొంగదాడి చేస్తే, ఆనందరాజు మనుషులు గట్టు దారి మీద సందడి చేస్తే, అసలు దెబ్బ ఈశాన్యపు బురుజు మీద పడింది. తెల్లవారేసరికి ఫ్రెంచివారు లొంగిపోయారు, పట్టుబడినవారు పట్టుకున్నవారికంటె ఎక్కువమంది. ఫ్రెంచి ఓడలు సహాయం తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. మే 14న సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువారికి రాసి ఇచ్చాడు. ఆనందరాజు దండులో ఉన్నవారెవరూ ఏమీ రాసిపెట్టకపోవడంతో ఆ బురదలో నడిచిన తెలుగువాడికి ఏమనిపించిందో ఆర్మ్ ఊహకే వదిలేయవలసి వచ్చింది.

తరువాత ఫ్రెంచివారికి బందరులో మిగిలింది లోజ్ మాత్రమే. లోజ్ అంటే పరాయి ప్రభుత్వపు నేల నడుమ జెండా హక్కుతో నిలిచిన చిన్న వర్తకపు ఆవరణ. అది 1947 అక్టోబరు 6న భారతదేశానికి చేరింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన దాదాపు 30,000 మందిని, వారితోపాటు పాత రేవునూ తీసుకుపోయింది గనుక, ఇవాళ వెళ్లినవారికి ఫ్రెంచిపేట, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం అన్న పేర్లు, బందరుకోట దగ్గరి డచ్చి సమాధులు తప్ప చూడటానికి పెద్దగా లేదు.

తెలుగువారు తామే యాత్రికులుగా వెళ్లిన ఫ్రెంచి రేవు యానాం. 1723లో మొదలై, మధ్యలో మూతబడి, 1731లో మళ్లీ తెరుచుకొని, 1954 దాకా ఫ్రెంచివారిదిగా ఉన్న ఈ గోదావరి ఒడ్డు ఊరికి చుట్టుపక్కల జిల్లాల జనం మంగళవారపు సంతకు వెళ్లి విదేశీ సరుకులు కొనుక్కొనేవారు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిషు ఇండియాలో అమలుకు వచ్చాక, ఆ చట్టం చెల్లని యానాంకు పెళ్లివారు పడవల్లో, బండ్లలో తరలివెళ్లి చిన్నపిల్లలకు పెళ్లిళ్లు చేసుకొచ్చారు. ఊరికి కల్యాణపురమన్న పేరు అందుకే వచ్చింది. పసుపుబట్టల చిన్నపిల్లను ఒళ్లో పెట్టుకొని సరిహద్దు దాటిన ఆ ప్రయాణాలు గొప్పగా చెప్పుకోదగ్గవి కావు, అయినా అవీ యాత్రలే, అక్కడా చూపు కొనుక్కొచ్చేదాని మీదే. ఇప్పుడు మద్యం ధర కోసం అక్కడికి వెళ్లేవారిని చూసి నవ్వేవారు ఈ వంశవృక్షాన్ని గుర్తుంచుకోవడం మంచిది. యానాం నుంచి తిరిగిరాని యాత్రికులూ ఉన్నారు: 1828లో ఇక్కడి నుంచి 15 మంది తెలుగువారు ఒప్పందపు కూలీలుగా ఫ్రెంచి రేయూనియన్ దీవికి ఓడెక్కారు, ఆ దీవికి కూలీలుగా వెళ్లిన తొలి భారతీయుల్లో వారున్నారు. వారి ప్రయాణం గురించి మిగిలినది పంపినవారి కాగితాలే.

తవెర్నియేలో నమ్మదగినది దూరాలు, ధరలు, మూటల లెక్కే అయినప్పుడు, తెలుగువారి ఇళ్లలోని చిట్టాలను యాత్రాసాహిత్యం కాదనడానికి కారణం లేదు. పెళ్లి ఖర్చుల పట్టీలో పడవ బాడుగ, సత్రం ఖర్చు, పురోహితుడి సంభావన, కొన్న సామాను, తేదీ ఉంటాయి. అవి ఏ విదేశీ గ్రంథంలోనూ లేని సమాచారం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి గ్రామాల్లో పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కడుతున్నవారు అటకల మీదా భోషాణాల్లోనూ దొరికే తోట గుత్త కాగితాలను, బందరు ప్రయాణపు లెక్కలను, పెళ్లి చిట్టాలను తూకానికి అమ్మివేయకుండా దగ్గరి గ్రంథాలయానికో కళాశాల చరిత్రశాఖకో చూపించాలి. అంత తీరిక లేనివారు కనీసం ప్రతి పుటనూ ఫోనుతో ఫొటో తీసి, ఊరి పేరు, ఇంటిపేరు రాసి దాచిపెట్టాలి.