దంచిన బియ్యము, కుదించిన ఫైలు
మైపాడు వంటి తీరగ్రామమున, సిగ్నలు చాలని ఫోను చేతబట్టి తుపాను సమాచారమునకై ఎదురుచూచుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి వేళలందు నెల్లూరు తీరమున అనేకులు ఒకే పుటను ఒక్కసారిగా కోరుదురు. దానిని పంపు సర్వరు తన పనిని తెలివిగా చేయుచున్నదా అనునదే ఇచటి ప్రశ్న.

మొదట మన లిపి సంగతి చూతము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు కావలెను. ‘తెలుగు’ అను మాటలో హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు. మొత్తము 18 బైట్లు. అయితే ఆరు సంకేతములకును మొదటి బైటు 224. రెండవది 176 గాని, 177 గాని. ఇట్లు మరల మరల వచ్చు భాగములే కుదింపునకు ఆధారము. ఒకసారి వచ్చిన వరుస తిరిగి వచ్చినచో దానిని మరల వ్రాయక, వెనుకటి చోటును సూచించినచో చాలునని లెంపెల్, జివ్ పండితులు 1977లో చూపిరి. తరచుగా వచ్చువానికి పొట్టి గుర్తులిచ్చు హఫ్‌మన్ పద్ధతి 1952 నాటిది. ఈ రెంటిని కలిపి 1992లో జీజిప్ వెలువడినది. తెలుగు పుటకు దీనివలన కలుగు లాభము విశేషము.

పాఠములు సాధారణముగా ఇంతటితో ఆగును. కుదింపు ఎప్పుడు, ఎన్నిసార్లు జరుగవలెనో చెప్పవు. లోపమంతయు అచటనే యున్నది. అపాచీ సర్వరులోని మామూలు కుదింపు భాగము, కోరిక వచ్చినప్పుడెల్ల ఫైలును క్రొత్తగా కుదించును. ఇంజిన్-ఎక్స్ సర్వరులో కుదింపు మొదట ఆపివేసియే యుండును. ప్రారంభించినను, వేరుగా చెప్పనిచో తొమ్మిది మెట్లలో మొదటి మెట్టుతోనే సరిపుచ్చును. మారని ఫైలును ప్రతిసారి కుదించుట, చుట్టము వచ్చినప్పుడెల్ల గాదెలోని వడ్లు తీసి దంచుట వంటిది. మొలగొలుకులకు పేరుపొందిన మన జిల్లాలో ఏ ఇల్లాలును అట్లు చేయదు.

ఫైలును ఒక్కసారే మిక్కిలి పై మెట్టున కుదించి, మూలము ప్రక్కన నిల్వచేయుట మేలు. ఎక్కువ శ్రమ కుదించుటలోనే గాని, ఫోనులో విప్పుటలో అంతగా పెరుగదు. ‘నేటి సర్వర్లు వేగవంతములు, ఈ పొదుపేల?’ అని కొందరందురు. మామూలు దినమున ఆ మాట చెల్లును. అందరు ఒక్కసారిగా అడుగు దినమున చెల్లదు. ఛాయాచిత్రములు మాత్రము ముందే కుదింపబడి యుండును గనుక వాటిని మరల కుదించుట వ్యర్థము.

అయితే నిల్వకు ఒక ప్రమాదము కలదు. విద్యార్థులకై నేను తయారుచేసిన పుటలో పరీక్ష తేదీని మార్చితిని. కుదించిన ప్రతిని మార్చుట మరచితిని. పిల్లల ఫోన్లలో పాత తేదీయే కనిపించినది. తేదీకి బదులు అది తుపాను హెచ్చరికయైనచో? ఆలస్యముగా వచ్చిన నిజముకంటె త్వరగా వచ్చిన పాతమాట ప్రమాదకరము. కావున మూలమును, కుదించిన ప్రతిని ఒకే చర్యతో మార్చవలెను. రెంటి కాలముద్రలు ఒకటిగా నుండవలెనని ఇంజిన్-ఎక్స్ నిర్మాతలును సూచించిరి.

ఉపాధ్యాయులు ఒక తెలుగు పాఠమును, ఒక ఛాయాచిత్రమును పిల్లలచే కుదింపించి, ముందు వెనుకల పరిమాణములు పోల్చి చూపింతురుగాక. పిమ్మట పాఠములో ఒక మాట మార్చి, కుదించిన ప్రతిని విప్పి చూడుమనవలెను. అందు పాతమాటయే యుండును. నిల్వచేసినవాని బాధ్యత ఎట్టిదో పిల్లలకు అప్పుడు బోధపడును.