అంతర్జాల పరిశోధనల్లో ఇంటిభాష

అంతర్జాలాన్ని జనం ఎట్లా వాడుకుంటున్నారనే విషయం మీద దక్షిణ భారతంలో జరిగిన క్షేత్ర పరిశోధనల్లో మన విద్యార్థులు తప్పక చదవవలసిన గ్రంథం శ్రీరామ్ వెంకట్రామన్ రచించిన 'సోషల్ మీడియా ఇన్ సౌత్ ఇండియా'. యూనివర్సిటీ కాలేజీ లండన్ వారి ముద్రణాలయం దీన్ని 2017లో ప్రచురించింది. డానియల్ మిల్లర్ నాయకత్వంలో 'వై వుయ్ పోస్ట్' అనే పేరుతో సాగిన పెద్ద పథకంలో ఇది ఒక భాగం. తొమ్మిది మంది మానవశాస్త్రజ్ఞులు ప్రపంచంలో తొమ్మిది చోట్ల 15 నెలల చొప్పున ఉండి, జనం మధ్య మసలి, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటివాటిని ఎవరు ఎందుకు వాడుతున్నారో పరిశీలించారు. ఆ తొమ్మిదింటిలో మన దేశానికి చెందినది ఒక్కటే. చెన్నై సమీపంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చి చేరిన కొన్ని పల్లెల సముదాయం అది. గ్రంథకర్త దానికి పంచగ్రామి అని మారుపేరు పెట్టాడు. పుస్తకం అంతా ఉచితంగా దొరుకుతుంది కాబట్టి లైబ్రరీలో లేదనే సాకు ఎవరికీ చెల్లదు.

ఈ పద్ధతి విలువ తెలియాలంటే అంతకుముందరి ధోరణిని గుర్తు చేసుకోవాలి. 1990లలో వచ్చిన రచనలు చాలామటుకు అంతర్జాలాన్ని ఊరూ పేరూ లేని వేరే లోకంగా భావించాయి. మిల్లర్, డాన్ స్లేటర్ కలిసి ట్రినిడాడ్ దీవిలో చేసిన పరిశోధన (2000) ఆ భావనను గట్టిగా ఖండించింది. ట్రినిడాడ్ మనిషి అంతర్జాలంలోకి వెళ్లి దేశం లేనివాడు కావడం లేదు, అక్కడా తన ట్రినిడాడ్ తనాన్నే నిలబెట్టుకుంటున్నాడని వారు నిరూపించారు. వెంకట్రామన్ పుస్తకం ఆ దారిలోదే. ఇంట్లోవాళ్లతో మాట్లాడడానికి ఉద్యోగులు ఆఫీసు కట్టుబాట్లను ఎట్లా దాటుకుంటారు, పేద కుటుంబాల్లో ఆడపిల్ల చేతిలో ఫోను ఉండడం మీద అన్నదమ్ముల పెత్తనం ఎట్లా ఉంటుంది, పొద్దున్నే పంపే శుభోదయం బొమ్మలకు బంధుత్వంలో ఉన్న స్థానమేమిటి వంటి ప్రశ్నలకు ఇందులో దగ్గరనుంచి చూసినవాడు ఇచ్చే జవాబులు దొరుకుతాయి. కులం, వర్గం, వయసు అనే గీతలను అంతర్జాలం చెరిపేస్తుందన్న నమ్మకాన్ని ఈ గ్రంథం బాగా దెబ్బతీసింది. ప్రశ్నావళి పంచి శాతాలు లెక్కగట్టడమే పరిశోధన అనుకునేవారు ఆ అధ్యాయాలను రెండుసార్లు చదవాలని నా సలహా.

అయితే భాషాశాస్త్రం చదివినవాడికి ఇందులో ఒక వెలితి కనబడుతుంది. దృశ్యాలకు, బంధుత్వానికి, ఉద్యోగానికి, విద్యకు వేరు వేరు అధ్యాయాలున్నాయి. భాషకు లేదు. నాలుగు వైపులనుంచి జనం వచ్చి చేరిన చోట, ఏ మాట ఏ భాషలో ఏ లిపిలో పంపుతారన్నది చిన్న విషయం కాదు. మిల్లర్ తోనే కలిసి మిర్కా మదియాను 2012లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి సరిగ్గా పనికివచ్చేది. బ్రిటన్‌లో పనిచేసే ఫిలిప్పీన్ తల్లులు, స్వదేశంలోని వారి పిల్లలు ఎట్లా మాట్లాడుకుంటారో పరిశీలించి, ఖర్చు అడ్డంకి తొలగిపోయాక ఏ మాధ్యమాన్ని ఎంచుకున్నావన్నదానికే నైతికమైన అర్థం వస్తుందని వారు చెప్పారు. ఫోను చేయకుండా రెండు ముక్కలు రాసి ఊరుకుంటే తల్లి దానికి అర్థం వెతుకుతుంది. భాష ఎంపికా అంతే కదా. కోయంబత్తూరులో ఇంట తెలుగు మాట్లాడే పిల్లవాడు బంధువుల వాట్సాప్ గుంపులో తమిళంలో జవాబిస్తే అవ్వ ఏమనుకుంటుంది, ఇంగ్లీషులో ఇస్తే ఏమనుకుంటుంది? ఈ ప్రశ్న వేయడానికి పరికరం వారి చేతిలోనే ఉంది, వేయలేదు.

మారుపేరు విషయంలోనూ ఒక చిక్కుంది. మనుషులకు కీడు జరగకూడదని ఊరి పేరు దాచడం మానవశాస్త్రంలో మంచి ఆచారం, దాన్ని తప్పు పట్టను. కాని మాండలిక పరిశోధనకు ఊరి పేరే మొదటి ఆధారం. హోసూరు తెలుగూ మదురై తెలుగూ ఒకటి కావు. ఈ రెండు అవసరాలకూ మధ్య రాజీ ఎట్లాగో మన శాఖలే తేల్చుకోవాలి. ఇంకొక మాట. ఈ క్షేత్రకార్యం 2013–14 నాటిది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్నెట్ ధర పడిపోయి, చదువు రానివాళ్లు కూడా వీడియోలు చూడడం, మాట రికార్డు చేసి పంపడం సాధారణమైంది. కాబట్టి ఈ గ్రంథాన్ని ఆ మార్పుకు ముందరి చిత్రంగా చదవాలి.

ఇక రెండోరకం పరిశోధన కంప్యూటర్ శాఖలవారిది. భాషా మిశ్రమమే వారికి ముడిసరుకు. 2016లో ఐకాన్ సదస్సు నిర్వహించిన పోటీలో ఫేస్‌బుక్, ట్విటర్, వాట్సాప్‌లనుంచి సేకరించిన హిందీ–ఇంగ్లీషు, బెంగాలీ–ఇంగ్లీషు, తెలుగు–ఇంగ్లీషు వాక్యాలిచ్చి, ప్రతి మాటకూ భాషాభాగాన్ని గుర్తించే పద్ధతులు రూపొందించమన్నారు. మన భాషకు చోటు దక్కినందుకు సంతోషమే. కాని అందులో తెలుగుతో కలిసేది ఇంగ్లీషు ఒక్కటే. తర్వాత 2020లో మొదలైన ద్రావిడ భాషా మిశ్రమ సేకరణల్లో తమిళం, మలయాళం, కన్నడం కూడా విడివిడిగా ఇంగ్లీషుతోనే జతకట్టాయి. తెలుగు–తమిళం, తెలుగు–కన్నడం, తెలుగు–ఒడియా జంటలు ఈ లెక్కల్లో లేవు. ఇది పదిమంది గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా ఉన్నారు.

ఈ సేకరణల్లో ప్రతి మాటకూ ఒక భాష చీటీ అంటిస్తారు. ఇంగ్లీషు, తెలుగు మాటలను విడదీయడం అంత కష్టం కాదు. తోబుట్టు భాషలు కలిసినప్పుడే అసలు పరీక్ష. 'పేరు' అన్న మాట వాడుక తమిళంలోనూ ఉంది. 'ఊరు' తమిళ కన్నడాలు రెండింటిలోనూ ఉంది. రోమన్ అక్షరాల్లో వీటిని రాస్తే ఏ చీటీ అంటించాలి? పనికి అనే అర్థంలో ఒకరు 'వేలైకి' అన్నారనుకోండి. ధాతువు తమిళం. రాత తమిళంలో విభక్తి అయితే 'వేలైక్కు' అనాలి. చివరి ఇకారం ఈ మనిషి తెలుగు మాట్లాడుతున్నాడనడానికి సూచన కావచ్చు. మాటకొక చీటీ అంటించే పద్ధతిలో ఆ ఇకారానికి చోటు లేదు, బహుశా 'మిశ్రమం' అనే డబ్బాలో పడుతుంది.

లిపి సంగతి ఇంతకంటే ఆసక్తికరం. యూనికోడ్ అక్షరాలకు సంఖ్యలిచ్చేది లిపిని బట్టి, భాషను బట్టి కాదు. లిపిని చూసి భాషను నిర్ణయించే యంత్రం తమిళ అక్షరాల్లో రాసిన తెలుగును తమిళంగానే లెక్కిస్తుంది. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది కాబట్టి, ఇంట తెలుగు మాట్లాడే పిల్లలకు చేతికి వచ్చిన లిపి అదే. అందులో బకారానికి వేరే అక్షరం లేదు, గకారానికీ లేదు. 'బాగుంది' అని రాస్తే 'పాకుంది' అని కూడా చదవవచ్చు. ఇంట్లోవాళ్లు పొరబడరు, సందర్భం వాళ్లకు తెలుసు. బళ్లారివాళ్లకు ఈ బాధ లేదు, కన్నడ లిపిలో తెలుగు దాదాపు అక్షరానికి అక్షరంగా ఒదుగుతుంది. బరంపురంలో ఒడియా లిపిలో, షోలాపూరులో దేవనాగరిలో రాసేవారికి చిక్కు వేరు. ఆ రాతల్లో ఎకార ఏకారాలకు, ఒకార ఓకారాలకు తేడా లేదు, మెడా మేడా ఒకటే అవుతాయి. నాలుగు రాష్ట్రాల్లో నాలుగు రకాలుగా పోయే ఈ ధ్వనులను పోల్చి చూపితే మంచి పరిశోధన వ్యాసం అవుతుంది. యానాం విద్యార్థులు తమ పక్కనుంచి పోలికకు ప్రామాణికమైన తెలుగు రాతను అందించవచ్చు.

తెలుగు పక్కన ఉండీ పరిశోధనలోకి రాకపోవడం అంతర్జాలంతో మొదలు కాలేదు. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గరి కుప్వాడ్ గ్రామం మీద గంపర్జ్, విల్సన్ 1971లో ప్రచురించిన వ్యాసం భాషా సంపర్క అధ్యయనాలకు మూలస్తంభం. ఆ ఊళ్లో మరాఠీ, ఉర్దూ, కన్నడం, తెలుగు నాలుగూ ఉన్నాయి. శతాబ్దాల సహవాసంలో వాక్య నిర్మాణాలు ఒకదానికొకటి దగ్గరై మాటకు మాట పెట్టి అనువదించుకునేంతగా కలిసిపోయాయనీ, అయినా పదాలు వేరుగానే నిలిచాయనీ వారు చూపారు. ఇంటిభాష తన వర్గానికి గుర్తు కాబట్టి దాన్ని వదులుకోలేదన్నది వారి వివరణ. విశ్లేషణ మాత్రం మొదటి మూడు భాషల మీదనే సాగింది. తెలుగు మాట్లాడేవారు తాళ్లు పేనే కొద్దిమంది కనుక పక్కన ఉండిపోయారు. ఆ వివరణ నేటి బంధువుల వాట్సాప్ గుంపులకు ఎంతవరకు వర్తిస్తుందో చూడవలసిన బాధ్యత మనది. కుప్వాడ్‌లో ఇంటిభాష గడప లోపల ఉండేది. ఇప్పుడు మేనమామ చెన్నైలో, అత్త బెంగుళూరులో ఉంటే ఆ గడప ఎక్కడుందో ముందు తేల్చాలి.

ఈ పనికి పూనుకునేవారు సేకరణ పట్టికలో భాషకు ఒక గడి, లిపికి వేరే గడి పెట్టుకోవాలి. ఆ మాట ఏ భాషదని మాట్లాడినవారే అనుకుంటున్నారో రాసుకోవడానికి మూడో గడి కావాలి, తరచుగా అది మొదటి గడితో కలవదు. రాతను మాత్రమే ఏరుకుంటే సగం భాష జారిపోతుంది, రికార్డు చేసి పంపిన మాటలనూ చేర్చాలి. సొంత కుటుంబం గుంపు చేతిలో ఉంది కదా అని చెప్పకుండా తీసుకోవడం తగదు. అంతర్జాల పరిశోధకుల సంఘం 2002 నుంచి ప్రకటిస్తూ వచ్చిన నీతి సూత్రాలు దొరుకుతాయి, చదవండి. గుంపు నడిపేవాడు ఒప్పుకుంటే చాలదు. పిన్నమ్మ తన కోడలి మీద కోపంతో చెప్పిన మాట ఎంత చక్కని సంధికి ఉదాహరణ అయినా, ఆవిడను అడిగి, ఆవిడ సరేనన్న తర్వాతే దాన్ని పట్టికలోకి ఎక్కించాలి.